వృద్ధాశ్రమాలలో తోటివారి వేధింపులు : అనుమానం కలిగిన వెంటనే తెలియజేయాలి

వడమాలపేట : తిరుపతి నుండి పుత్తూరు మీదుగా చెన్నై వెళ్ళే జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం వడమాలపేట. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడేంత వరకు ఈ మండలం చిత్తూరు జిల్లాలో అంతర్భాగంగా ఉండేది. వ్యవసాయంపై ఆధారపడిన ఈ ప్రాంతపు పల్లెల నుండి చదువుకున్న యువత తిరుపతికి, చెన్నైకి, బెంగళూరుకు, కొందరు విదేశాలకు ఉద్యోగ నిమిత్తం తరలివెళుతున్నారు. ఇంటి వద్ద మిగిలిన తల్లిదండ్రులలో శక్తి ఉన్నంత కాలం స్వగ్రామంలోనే గడిపేవారు కొందరైతే, ఆరోగ్యం క్షీణించిన తరువాత వృద్ధాశ్రమాలను ఆశ్రయించేవారు మరికొందరు. ఆశ్రమంలో చేర్చిన పిల్లలు తమ పెద్దలకు వేళకు భోజనం, మందులు, పదిమంది తోడు లభిస్తాయని నిశ్చింతగా ఉంటారు. ఆ పదిమంది తోడులోనే ఒక్కొక్కసారి పెద్దలకు అపాయం ఎదురయ్యే అవకాశం ఉన్నదన్న విషయం చాలామంది దృష్టికి రావడం లేదు.

వృద్ధులపై వేధింపులు అనగానే ఆస్తి కోసం తల్లిదండ్రులను ఇంటి నుండి గెంటివేసిన సంతానమో, విధులలో నిర్లక్ష్యం వహించిన సిబ్బందియో మనకు గుర్తుకు వస్తారు. ఈ రెండింటితో పాటు మూడవది కూడా ఉన్నది. ఒకే హాలులో, పక్కపక్క మంచాలపై నివసించే ఇద్దరు ఆశ్రమవాసుల మధ్య జరిగే దౌర్జన్యం ఈ మూడవ కోవకు చెందినది. దీనిని ఎవరు గుర్తించాలి, ఎవరికి తెలియజేయాలి, తెలియజేసిన పిమ్మట ఏమి జరుగుతుంది అన్న అంశాలపై ఆశ్రమ నిర్వాహకులకు, కుటుంబ సభ్యులకు, సాధారణ ప్రజలకు అవగాహన కల్పించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.

సమస్య స్వరూపం

తోటివారి వేధింపులు పలు రూపాలలో ఉంటాయి. దుర్భాషలాడటం, బెదిరించటం, కులం పేరుతోనో భాష పేరుతోనో అవమానించటం, చేతికర్రతో కొట్టడం, తోసివేయటం, పళ్ళెంలోని ఆహారం లాగుకోవడం, ఇతరుల పెట్టెలు వెతకడం మొదలైనవి ఇందులో చేరతాయి. ఎన్.టి.ఆర్. భరోసా పథకం కింద 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000కు పెరిగింది. ఎవరి ఆసరా లేని వృద్ధులకు ఆ మొత్తమే ఆధారం. దానిని తోటి ఆశ్రమవాసి భయపెట్టి తీసుకున్నట్లయితే అది కూడా వేధింపే. అనుమతి లేకుండా మరొకరి పడకపైకి చేరడం, అసభ్యంగా తాకడం వంటి లైంగిక వేధింపులు అన్నింటికంటే తీవ్రమైనవి, అన్నింటికంటే తక్కువగా వెలుగులోకి వచ్చేవి కూడా ఇవే.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పది నర్సింగ్ హోములకు చెందిన 2,011 మంది వృద్ధులను కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అధ్యయనం చేసి 2016లో ఫలితాలు ప్రకటించారు. నాలుగు వారాల వ్యవధిలో నూటికి ఇరవై మంది ఇటువంటి సంఘటనలలో ఏదో ఒకదానిలో భాగస్వాములైనట్లు ఆ అధ్యయనంలో వెల్లడైంది. శిక్షణ పొందిన సిబ్బంది, లిఖితపూర్వక నియమాలు కలిగిన చోటనే పరిస్థితి ఈ విధంగా ఉన్నప్పుడు, ముప్పయి మందికి రాత్రివేళ ఒక్క ఆయా మాత్రమే ఉండే ఆశ్రమంలో ఏమీ జరగడం లేదని భావించడం సమంజసం కాదు.

ఈ సంఘటనలలో మతిమరుపు వ్యాధి పాత్ర ముఖ్యమైనది. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మంది, అనగా సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నట్లు 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఈ వ్యాధి ఉన్నవారు తమ మంచమేదో, పక్కవారి మంచమేదో గుర్తించలేరు. తమ వస్తువును ఎవరో దొంగిలించారని నమ్ముతారు. స్నానం చేయించబోయిన వారిని శత్రువులుగా భావించి ఎదురు తిరుగుతారు. వీరు ఒకనాడు కొట్టినవారు కావచ్చు, మరునాడు దెబ్బలు తిన్నవారు కావచ్చు. ఈ కారణంగానే ఈ సమస్యను నేరస్థుడు, బాధితుడు అన్న రెండు మాటలతో పూర్తిగా వివరించడం సాధ్యం కాదు.

రిజిస్టరులో కనిపించని రాత్రి

ఒక ఉదాహరణను ఊహించుకుందాం. పన్నెండు మంచాలు గల హాలులో మతిమరుపు ముదిరిన ఒక పెద్దాయన రాత్రి రెండు గంటల వేళ మరుగుదొడ్డికి లేచి, తిరిగి వచ్చేటప్పుడు తనదే అనుకొని వేరొకరి మంచంపై కూర్చుంటారు. ఉలిక్కిపడి నిద్ర లేచిన రెండవ వృద్ధుడు ఎవరో దొంగ అనుకొని చీకటిలో బలంగా తోసివేస్తారు. మొదటి ఆయన నేలపై పడి తుంటి ఎముక విరుగుతుంది. తెల్లవారిన తరువాత ఆశ్రమం రిజిస్టరులో "బాత్‌రూములో జారిపడినారు" అన్న ఒకే ఒక వాక్యం నమోదవుతుంది. కుమారుడు ఫోను చేసి అడిగితే ఆ తండ్రి కూడా "ఏమీ లేదు నాయనా, నేనే జారి పడితిని" అంటారు. జరిగినది ఆయనకు గుర్తు లేకపోవచ్చు. గుర్తు ఉండి కూడా చెప్పడానికి జంకి ఉండవచ్చు.

ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకోవడం ఈ ప్రాంతంలో తరతరాలుగా వస్తున్న అలవాటు. కట్టు కట్టించినా, తిరుపతిలోని ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించినా, ఎముక ఎట్లు విరిగినదన్న ప్రశ్న ఎవరూ అడగనప్పుడు చికిత్స ఎముకకు మాత్రమే అందుతుంది. కోలుకున్న పిమ్మట ఆ వృద్ధుడు తిరిగి అదే హాలుకు, అదే మంచానికి చేరుకుంటారు. పక్క మంచంపై అదే వ్యక్తి ఉంటారు. మరుగుదొడ్డి దారిలో అదే చీకటి ఉంటుంది. మొదటి సంఘటన తెలియజేయకపోవడం వల్ల కలిగే అసలు నష్టం ఇదే. రెండవ సంఘటనకు దారి తెరిచే ఉంటుంది.

మౌనానికి కారణాలు

ఈ సంఘటనలు బయటకు రాకపోవడానికి ప్రధానంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి. విషయం పొక్కితే దాతలు విరాళాలు ఆపివేస్తారని, ఆశ్రమానికి చెడ్డపేరు వస్తుందని నిర్వాహకులు భయపడటం మొదటి కారణం. కొట్టిన వృద్ధుడిని ఆశ్రమం నుండి పంపివేస్తే ఆయనకు వేరే గతి లేదన్న జాలి రెండవ కారణం. తల్లిదండ్రులను ఆశ్రమంలో చేర్చామన్న సంకోచంతో కుటుంబ సభ్యులు గట్టిగా ప్రశ్నించలేకపోవడం మూడవ కారణం. పోలీసు స్టేషను చుట్టూ తిరగవలసి వస్తుందన్న బెంగ నాలుగవ కారణం. వీటన్నింటిపైన "పెద్దవాళ్ళ మధ్య ఇవన్నీ మామూలే" అన్న మాట ఒక దుప్పటి వలె కప్పబడి ఉంటుంది. పాఠశాలలో ఒక బాలుడు మరొక బాలుని చేయి విరగగొడితే మామూలే అని ఎవరూ ఊరుకోరు. ఎనభై ఏళ్ళ ఎముక అంతకంటే సులభంగా విరుగుతుంది, అంతకంటే ఆలస్యంగా అతుకుతుంది.

ఈ ప్రాంతానికి సంబంధించి మరొక అంశం కూడా గమనార్హం. తమిళనాడు సరిహద్దుకు సమీపాన ఉన్న ఈ మండలాలలో తమిళం మాతృభాషగా గల వృద్ధులు అనేకులు ఉన్నారు. వయసు పెరిగి జ్ఞాపకశక్తి తగ్గినకొద్దీ మధ్యలో నేర్చుకున్న భాష మరుగునపడి, చిన్ననాటి భాష మాత్రమే మిగిలే సందర్భాలు ఉంటాయి. అటువంటి అవ్వ తనకు జరిగినది చెప్పుకోవాలంటే వినేవారికి ఆమె భాష తెలిసి ఉండాలి. తెలుగు మాత్రమే తెలిసిన ఆయా ఎదుట ఆమె మౌనంగా ఉన్నంత మాత్రాన ఏమీ జరగలేదని నిర్ధారణకు రాకూడదు.

చట్టం ఏమి చెబుతున్నది

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో రూపొందించబడినది. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమాన్ని, 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి కల్పించే విధంగా, రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చునని చట్టంలోని 19వ సెక్షను పేర్కొన్నది. వృద్ధుల ప్రాణ, ఆస్తి రక్షణకు రాష్ట్ర ప్రభుత్వం సమగ్ర కార్యాచరణ ప్రణాళిక నిర్దేశించాలని 22వ సెక్షను చెబుతున్నది. ఈ చట్టం కింద మన రాష్ట్రంలో 2011లో నియమాలు రూపొందించబడినవి. ఆశ్రమాలలో స్త్రీ, పురుషులకు వేర్వేరు వసతి ఉండాలని, నిర్వహణ కమిటీలో ఆశ్రమవాసులకు కూడా స్థానం కల్పించాలని కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు పంపిన నమూనా నియమాలలో ఉన్నది. ఒంటరిగా నివసించే వృద్ధుల జాబితాను పోలీసు స్టేషనులో నిర్వహించాలని, వారిని నెలకొకసారి పలకరించి రావాలని కూడా వాటిలో సూచించబడినది.

అయితే ఈ ఏర్పాట్లన్నీ ప్రధానంగా ఇంటి వద్ద ఒంటరిగా ఉన్న వృద్ధుని దృష్టిలో ఉంచుకొని చేసినవి. ఒకే హాలులో రెండు మంచాల మధ్య జరిగే సంఘటనను ఫలానా గడువులోగా ఫలానా అధికారికి తప్పనిసరిగా తెలియజేయాలన్న ప్రత్యేక నిబంధన 2007 చట్టంలో లేదు. బాలల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం లైంగిక నేరం గురించి తెలిసిన ప్రతి ఒక్కరిపై సమాచారం ఇచ్చే బాధ్యత ఉంచింది, ఇవ్వనివారికి శిక్ష కూడా నిర్దేశించింది. వృద్ధుల విషయంలో దానికి సమానమైన నిబంధన ఏర్పడవలసి ఉన్నది. వృద్ధుల సంరక్షణ గృహాలన్నింటికీ రిజిస్ట్రేషను, కనీస ప్రమాణాలు, ప్రతి పోలీసు స్టేషనులో వృద్ధుల కొరకు ఒక నోడల్ అధికారి ఉండాలని ప్రతిపాదిస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు స్థాయీ సంఘం పరిశీలనకు వెళ్ళినది. 2024లో సభ రద్దు కావడంతో ఆ బిల్లుకు కాలదోషం పట్టింది.

ప్రత్యేక నిబంధన లేనంత మాత్రాన మార్గం లేదని అర్థం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 7వ సెక్షను ఈ సందర్భంలో ఎంతో ఉపయోగపడుతుంది. దివ్యాంగుడైన వ్యక్తిపై దౌర్జన్యం జరిగినదని, జరుగుతున్నదని, లేదా జరిగే అవకాశం ఉన్నదని నమ్మడానికి కారణం కనిపించిన ఎవరైనా స్థానిక ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వవచ్చును. మండల స్థాయిలో తహశీల్దారే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు. చూపు, వినికిడి, నడక, జ్ఞాపకశక్తి దీర్ఘకాలంగా దెబ్బతిన్న వృద్ధులు అనేకులు ఈ చట్టం పరిధిలోకి వస్తారు. కనుక వడమాలపేటలోని ఆశ్రమవాసి గురించి జిల్లా కేంద్రం దాకా వెళ్ళనవసరం లేకుండా మండల కార్యాలయంలోనే తెలియజేసే వీలు ఉన్నది. చట్టం కోరినది నమ్మడానికి తగిన కారణాన్ని మాత్రమే, సాక్ష్యాధారాలను కాదన్న విషయం ఇక్కడ ప్రధానమైనది.

పోలీసుల గురించిన భయం – వాస్తవం

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో వృద్ధులకు సంబంధించి తెలుసుకోదగిన నిబంధనలు ఉన్నవి. 60 ఏళ్ళు దాటిన పురుషుని, ఏ వయసు మహిళనైనా, దివ్యాంగులను, తీవ్ర అస్వస్థతతో ఉన్నవారిని సాక్ష్యం నిమిత్తం తమ నివాసం విడిచి రావలసిందిగా పోలీసులు నిర్బంధించరాదు. అధికారే వారి వద్దకు రావలసి ఉంటుంది. మూడు సంవత్సరాల కంటే తక్కువ శిక్ష గల నేరాలలో 60 ఏళ్ళు దాటిన లేదా బలహీనుడైన వ్యక్తిని అరెస్టు చేయాలంటే డి.ఎస్.పి. స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి తప్పనిసరి. సాధారణ గాయం కలిగించిన నేరానికి భారతీయ న్యాయ సంహితలో గరిష్ఠ శిక్ష ఒక సంవత్సరం మాత్రమే కాబట్టి ఈ రక్షణ దానికి వర్తిస్తుంది. మానసిక అస్వస్థత కారణంగా తాను చేస్తున్నదేమిటో తెలియని స్థితిలో చేసిన పని నేరం కాదని ఆ సంహితలోని 22వ సెక్షను స్పష్టం చేస్తున్నది. సమాచారం ఇస్తే మతిమరుపుతో ఉన్న తాతను జైలులో వేస్తారన్న భయానికి ఆధారం లేదని దీనినిబట్టి తెలుస్తున్నది.

నేరం జరిగిన ప్రాంతంతో నిమిత్తం లేకుండా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చును. ఎలక్ట్రానిక్ విధానంలో పంపి మూడు రోజులలో సంతకం చేసే వీలు కూడా ఉన్నది. చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న సంతానానికి ఇది ఉపయోగకరం. లైంగిక దాడికి గురైన వారికి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే ఉచితంగా చికిత్స అందించి పోలీసులకు తెలియజేయాలి. బాధితురాలు శారీరకంగానో మానసికంగానో దివ్యాంగురాలైతే ఆమె ఉన్న చోటనే, ఆమె మాట అర్థం చేసుకోగల సహాయకుల సమక్షంలో వాంగ్మూలం నమోదు చేయాలి.

ఇతర దేశాల అనుభవం

ఆస్ట్రేలియాలో వృద్ధుల గృహాలలో జరిగే దాడులను ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 2007లోనే వచ్చింది. అయితే దాడి చేసినవారు మతిమరుపు వంటి వ్యాధితో ఉన్న తోటి నివాసులైతే కొన్ని షరతులతో తెలియజేయనవసరం లేదని మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు కింద మిగిలిపోయిన సంఘటనలలో దెబ్బలు తిన్నవారి బాధ మాత్రం ఏ విధంగానూ తక్కువ కాదు. ఎవరు కొట్టారన్న దానిని బట్టి ఎముక విరగడంలో తేడా ఉండదు కదా. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి తెచ్చిన కొత్త విధానంలో ఆ మినహాయింపును తొలగించారు. తీవ్రమైన సంఘటనలను 24 గంటలలోగా తెలియజేయాలన్నది ఇప్పటి నియమం. అమెరికాలో సమాఖ్య నిబంధనల ప్రకారం వేధింపు ఆరోపణను రెండు గంటలలోగా తెలియజేసి, విచారణ ఫలితాన్ని ఐదు పనిదినాలలో సమర్పించాలి. మన ఆశ్రమాలు చట్టం వచ్చేంత వరకు వేచి ఉండనవసరం లేదు. 24 గంటల నియమాన్ని తమకు తామే విధించుకోవచ్చును.

ఎవరు, ఎవరికి, ఏ విధంగా తెలియజేయాలి

అనుమానం కలిగిన వెంటనే చేయవలసిన మొదటి పని ఇద్దరినీ వేరుచేసి, గాయపడిన వారికి వైద్యం అందించటం. ప్రాణాపాయం ఉంటే 108కి, దాడి కొనసాగుతుంటే 112కు ఫోను చేయాలి. పిమ్మట ఆ రోజే సంఘటనను రిజిస్టరులో నమోదు చేయాలి. తేదీ, సమయం, స్థలం, ఎవరు చూశారు, ఏమి చూశారు, దానికి ముందు ఏమి జరిగింది, శరీరంపై గాయాలు ఎక్కడ ఉన్నాయి అన్నవి రాయాలి. వృద్ధులు చెప్పిన మాటను వారి మాటలలోనే, వారి భాషలోనే రాయటం అవసరం. చూడనిదానిని చూసినట్లు రాయరాదు. "జారిపడినారు" అని రాసే ముందు పడటాన్ని ఎవరైనా చూశారా అని తమను తాము ప్రశ్నించుకోవాలి. ఎవరూ చూడనప్పుడు "నేలపై పడి ఉండగా చూచితిమి" అన్నదే నిజమైన నమోదు.

ఇద్దరి కుటుంబాలకూ అదే రోజున తెలియజేయాలి. వైద్యునికి గాయంతో పాటు కారణాన్ని కూడా చెప్పాలి. వయోవృద్ధుల జాతీయ సహాయ కేంద్రం 14567 నంబరుకు ఉదయం 8 గంటల నుండి రాత్రి 8 గంటల వరకు ఉచితంగా ఫోను చేయవచ్చును. ఉచిత న్యాయ సహాయానికి 15100, మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416 అందుబాటులో ఉన్నవి. తహశీల్దారుకు, రెవెన్యూ డివిజన్ అధికారికి, విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ జిల్లా అధికారికి లిఖితపూర్వకంగా తెలియజేయవచ్చును. సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ కూడా ఇవ్వవచ్చును.

పరామర్శకు వెళ్ళే కుటుంబ సభ్యులు కొన్ని సూచనలను గమనించాలి. ఒక ప్రత్యేక వ్యక్తి దగ్గరకు రాగానే పెద్దలు బెదరటం, భోజనాల హాలుకు వెళ్ళనని మొండికేయటం, రాత్రి నిద్ర మానటం, చేతులపై వేళ్ళ గుర్తుల వంటి కమిలిన గాయాలు, పింఛను డబ్బు లెక్క తేలకపోవటం వంటివి కనిపిస్తే ఒంటరిగా కూర్చోబెట్టుకొని నిదానంగా అడగాలి. వేరొకరి ఎదుట అడిగితే సమాధానం రాదు.

తెలియజేసిన తరువాత

కొట్టిన వృద్ధునికి కూడా వైద్య పరీక్ష అవసరం. నిన్నటి వరకు సౌమ్యంగా ఉన్న వ్యక్తి ఒక్కసారిగా కోపిష్టిగా మారితే దాని వెనుక మూత్ర సంబంధమైన ఇన్‌ఫెక్షను, మలబద్ధకం, చెప్పుకోలేని నొప్పి, మార్చిన మందులు, పోయిన కళ్ళజోడు వంటి కారణాలు ఉండవచ్చును. కారణం తొలగితే కోపం కూడా తగ్గుతుంది. రాత్రివేళ చిన్న దీపం, మంచం దగ్గర గుర్తుగా రంగు గుడ్డ, సరిపడని ఇద్దరికి వేర్వేరు గదులు, సాయంకాలం వేళ అదనపు ఆయా వంటి తక్కువ ఖర్చు మార్పులు అనేక సంఘటనలను నివారిస్తాయి. సంఘటన నమోదైతేనే ఈ మార్పు ఎక్కడ అవసరమో తెలుస్తుంది.

గొలుసులతో, తాళ్ళతో కట్టివేయటం ఎంతమాత్రం పరిష్కారం కాదు. పొరుగున ఉన్న తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగుల ఆశ్రయంలో జరిగిన అగ్నిప్రమాదంలో గొలుసులతో బంధింపబడిన వారు తప్పించుకోలేకపోయారు. ఆ దుర్ఘటనలో 28 మంది ప్రాణాలు కోల్పోయారు. మానసిక అస్వస్థత గలవారిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కొట్టిన వృద్ధుని రాత్రికి రాత్రే వీధిలోకి పంపివేయటం కూడా అంతే తప్పు. ఆయన కూడా రక్షణ పొందవలసిన ఆశ్రమవాసే.

సంఘటనను తెలియజేసిన ఆశ్రమాన్ని చెడ్డ ఆశ్రమంగా చూసే ధోరణి మారాలి. ఏడాది పొడవునా ఒక్క సంఘటన కూడా నమోదు కాని రిజిస్టరును చూసి సంతోషించటం కంటే, సంఘటన రాసి, దాని పక్కన తీసుకున్న చర్య కూడా రాసిన రిజిస్టరును చూసి దాతలు, కుటుంబాలు నమ్మకం పెంచుకోవాలి. ఏటా జూన్ 15న వృద్ధులపై వేధింపుల నివారణ అవగాహన దినం, అక్టోబరు 1న అంతర్జాతీయ వయోవృద్ధుల దినం జరుపుకుంటున్నాము. ఆ రోజులలో పండ్లు, దుప్పట్లు పంచడానికి ఆశ్రమాలకు వెళ్ళే ప్రజాప్రతినిధులు, స్వచ్ఛంద సంస్థలు, విద్యార్థులు పది నిమిషాలు కూర్చొని "అవ్వా, రాత్రిపూట ఇక్కడ నిద్ర బాగా పడుతుందా?" అని అడగాలని, వచ్చిన సమాధానం అనుమానం కలిగించేదిగా ఉంటే ఆ రోజే తెలియజేయాలని ప్రజలందరికీ విజ్ఞప్తి.